తొలి ఏడాది మెడిసిన్: చదువుకూ హాస్టల్ చెలిమికీ పొత్తు ఎక్కడ?

నీట్‌లో సీటు తెచ్చుకుని హాస్టల్‌కు బయలుదేరే అమ్మాయికి ఇంట్లో పెద్దవాళ్లు రెండు మాటలు చెబుతారు. "ఎవరితోనూ ఎక్కువగా తిరగొద్దమ్మా, చదువు మీదే ధ్యాస పెట్టు" అనేది మొదటిది. "ఒక్కదానివే ఉండొద్దు, నలుగురితో కలిసిమెలిసి ఉండు" అనేది రెండోది. రెండూ ప్రేమతో చెప్పేవే, రెండూ ఒకే నోటి నుంచి వచ్చేవే. వైద్య కళాశాలలు, కోర్టులు, ప్రభుత్వ సంఘాలు, విద్యా పరిశోధకులు పాతికేళ్లకు పైగా వాదించుకుంటున్నది కూడా ఈ రెండు మాటల గురించే.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల లాంటి చోట ఈ ప్రశ్న ఇంకా దగ్గరగా తగులుతుంది. నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, బెలుం గుహలు ఉన్న ఈ మండలం నుంచి డాక్టరు కావాలనుకునే అమ్మాయి ఊరు దాటి హాస్టల్‌లో చేరక తప్పదు. నంద్యాల, కర్నూలు, అనంతపురం, కడప, తిరుపతి, ఏ ఊరైనా అంతే. అక్కడ ఆమెకు చదువుతో పాటు కొత్త బంధువర్గం ఒకటి ఏర్పడుతుంది: రూమ్‌మేట్లు, బ్యాచ్‌మేట్లు, సీనియర్ అక్కలు. ఆ వర్గానికి ఎంత సమయం ఇవ్వాలి? ఎప్పుడు ఇవ్వాలి? ఎవరి షరతుల మీద ఇవ్వాలి? ఈ మూడు ప్రశ్నల మీద ఇప్పటిదాకా నడిచిన చర్చను ఒకచోట పేర్చి చూడడం ఈ వ్యాసం పని.

ప్రశ్న ఎలా పుట్టింది

ఆంధ్ర ప్రాంతంలో తొలి వైద్య కళాశాల 1923లో విశాఖపట్నంలో మొదలైంది. రాయలసీమకు ఆ అవకాశం కర్నూలు వైద్య కళాశాలతో 1956లో వచ్చింది. చాలాకాలం తరగతుల్లో అమ్మాయిలు కొద్దిమందే. ఇవాళ నీట్ రాసేవాళ్లలో సగానికి పైగా వాళ్లే. తిరుపతిలో స్విమ్స్ కింద 2014లో శ్రీ పద్మావతి మహిళా వైద్య కళాశాల అచ్చంగా అమ్మాయిల కోసమే మొదలైంది. 2023 సెప్టెంబరులో నంద్యాల సహా రాష్ట్రంలో ఐదు కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. ఒక్కోదానిలో 150 సీట్లు. నంద్యాలలో అప్పటికే ప్రైవేటు రంగంలో శాంతిరాం వైద్య కళాశాల ఉంది.

కొత్త కళాశాలకూ పాత కళాశాలకూ ఒక తేడా ఉంది. పాతచోట తరతరాల సీనియర్లు ఉంటారు. రికార్డులు ఎలా రాయాలో, వైవాలో ఏం అడుగుతారో, ఏ పుస్తకం ఎంతవరకు చదవాలో చెప్పే నోళ్లు ఉంటాయి. 2023లో నంద్యాలలో చేరిన మొదటి బ్యాచ్‌కు ముందు బ్యాచ్ లేదు. కాబట్టి హాస్టల్ చెలిమి అనే మాటకు అర్థం కళాశాల వయసును బట్టి కూడా మారుతుంది.

సీనియర్ల తోడుకు చీకటి ముఖం ర్యాగింగ్. పరిచయం పేరుతో కొత్తవాళ్ల సమయాన్ని, పరువును గుంజుకునే ఆ ఆచారాన్ని నేరంగా ప్రకటిస్తూ ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం చేసింది. సుప్రీంకోర్టు నియమించిన ఆర్.కె. రాఘవన్ సంఘం 2007లో నివేదిక ఇచ్చింది. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని టాండా వైద్య కళాశాలలో అమన్ కచ్రూ అనే మొదటి సంవత్సరం విద్యార్థి ర్యాగింగ్‌కు బలయ్యాక యూజీసీ, భారత వైద్య మండలి అదే ఏడాది కఠిన నిబంధనలు తెచ్చాయి. మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2021లో ఆ మండలి నిబంధనలను మళ్లీ రాసింది. కొత్త విద్యార్థులకు వీలైనంతవరకు వేరే హాస్టల్ బ్లాకు ఇవ్వాలన్నది ఈ నిబంధనల్లో ముఖ్యమైనది. అది ఎంతోమందిని కాపాడింది. దానితోపాటే, అడిగితే మేలు చేసే సీనియర్లు కూడా కొంత దూరమయ్యారు. చర్చలో మొదటి చిక్కుముడి పడింది ఇక్కడే.

మొదటి ఏడాది బరువు

ఈ వాదాలను తూచాలంటే మొదటి ఏడాది ఎంత బరువైనదో ముందు తెలియాలి. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ప్రధాన సబ్జెక్టులు. వాటి పక్కన కమ్యూనిటీ మెడిసిన్ తొలి పాఠాలు. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు ఉండాలి. డిసెక్షన్ హాల్, హిస్టాలజీ రికార్డులు, ఇంటర్నల్స్, స్పాటర్లు, వైవాలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. ప్రస్తుత నిబంధనల ప్రకారం ఫస్ట్ ఎంబీబీఎస్ గట్టెక్కడానికి నాలుగు ప్రయత్నాలకు మించి ఉండవు, మొత్తం కోర్సు తొమ్మిదేళ్లలో ముగియాలి.

2019 నుంచి అమలవుతున్న సామర్థ్య ఆధారిత పాఠ్య ప్రణాళిక ఈ బరువును తగ్గించలేదు కానీ దాని రూపాన్ని మార్చింది. తరగతులకు ముందు ఫౌండేషన్ కోర్సు వచ్చింది. అందులో భాష, కంప్యూటరు, ఒత్తిడిని తట్టుకోవడం, ఆటలు, పాటలు అన్నింటికీ చోటుంది. రోగితో ఎలా మాట్లాడాలో నేర్పే పాఠాలు మొదటి ఏడాదిలోనే మొదలవుతాయి. ప్రతి విద్యార్థీ పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యాన్ని కనిపెట్టుకుని ఉండాలి. అంటే మనుషులతో మెలగడం చదువుకు బయటి వ్యవహారం కాదని పాఠ్య ప్రణాళికే ఒప్పుకుంది.

ఈ బరువు అందరికీ ఒకేలా ఉండదు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన అమ్మాయి బి.డి. చౌరాసియా అనాటమీ పుస్తకం తెరిచినప్పుడు విషయంతోనూ భాషతోనూ ఒకేసారి పోరాడాలి. ఇంటర్ బైపీసీని, లాంగ్ టర్మ్ కోచింగ్‌ను గంట కొడితే చదివి, గంట కొడితే పడుకునే క్యాంపస్‌లలో గడిపినవాళ్లకు మరో ఇబ్బంది. సమయాన్ని తామే పంచుకోవడం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఇంట్లో డాక్టరు ఉన్న అమ్మాయికి ఈ రెండు లోట్లూ చాలావరకు ఉండవు.

మొదటి పక్షం: ముందు చదువు, తర్వాతే తక్కినవి

ఈ పక్షంలో తల్లిదండ్రులు, చాలామంది వార్డెన్లు, అధ్యాపకుల్లో కొందరు ఉన్నారు. వాళ్ల వాదం సూటిగా ఉంటుంది. మొదటి ఏడాది పునాది. ఫ్రెషర్స్ పార్టీలు, కల్చరల్ ఫెస్టులు, పుట్టినరోజు వేడుకలు ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవే. కలిపి లెక్కిస్తే ఇంటర్నల్స్‌కు ముందు వారాలను మింగేస్తాయి. గుంపులో ఉన్నవాళ్లు "రాను" అని చెప్పలేరు. సప్లీ పడ్డాక పక్కన ఎవరూ ఉండరు.

అప్పు చేసి పంపిన కుటుంబం నుంచి వచ్చినప్పుడు ఈ వాదానికి బలం ఇంకా పెరుగుతుంది. దానిని పాతకాలపు భయమని కొట్టిపారేయడం అన్యాయం.

అయితే ఆచరణలో ఈ వాదం తరచూ అమ్మాయిల హాస్టల్ గేటు దగ్గరే ఆగుతుంది. కోళికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థినులు రాత్రి 9.30 నియమాన్ని 2022లో కేరళ హైకోర్టులో సవాలు చేశారు. పద్దెనిమిదేళ్లకే పూర్తి స్వేచ్ఛ తగదని, మెదడు పరిణతి ఇరవై అయిదేళ్లకు గానీ రాదని అక్కడి ఆరోగ్య విశ్వవిద్యాలయం వాదించింది. ఆంక్షలు అమ్మాయిలకే ఎందుకని కోర్టు ప్రశ్నించింది. ఆ డిసెంబరులో కేరళ ప్రభుత్వం నియమాన్ని అబ్బాయిలకూ అమ్మాయిలకూ సమానం చేస్తూ కొత్త ఉత్తర్వు ఇచ్చింది. రెండో ఏడాది నుంచి రిజిస్టరులో రాసి ఆలస్యంగా రావడానికి అందులో వీలు కల్పించింది. చదువు పేరుతో పెట్టిన గేటు రాత్రిపూట లైబ్రరీకి వెళ్లే దారిని కూడా మూస్తుందన్న సంగతి ఈ వివాదంతో బయటపడింది.

రెండో పక్షం: తోడు ఉంటేనే చదువు

ఈ పక్షం వాదించేదేమిటంటే, మెడిసిన్ ఒంటరిగా చదవగలిగేది కాదు. నరాల దారులు, కండరాల పేర్లు ఒకరికొకరు అప్పజెప్పుకుంటేనే నిలుస్తాయి. వైవాకు ముందు రాత్రి రూమ్‌మేట్ అడిగే ప్రశ్నే మరునాటి అభ్యాసం. ఇల్లు వదిలి వచ్చిన అమ్మాయికి జ్వరం వస్తే అన్నం తెచ్చిపెట్టేదీ, కాడవర్‌ను మొదటిసారి చూసి కళ్లు తిరిగితే పట్టుకునేదీ ఆ చెలిమే.

దీనికి పక్కనే ఉన్న చారిత్రక ఉదాహరణ వెల్లూరు. చిత్తూరు సరిహద్దుకు దగ్గరలో ఇడా స్కడ్డర్ 1918లో మహిళల కోసం వైద్య పాఠశాల మొదలుపెట్టారు. 1947లో అబ్బాయిలనూ చేర్చుకున్నారు. విద్యార్థులను అధ్యాపక కుటుంబాలకు అప్పగించే ఫోస్టర్ పేరెంట్ సంప్రదాయానికి ఆ సంస్థ పేరుపొందింది. అక్కడ తోడును విద్యార్థుల అదృష్టానికి వదిలేయలేదు, సంస్థే ఆ బాధ్యత తీసుకుంది.

ఇటీవలి బలమైన ఆధారం జాతీయ వైద్య కమిషన్ కార్యదళం 2024లో ఇచ్చిన నివేదిక. అది జరిపిన ఆన్‌లైన్ సర్వేలో 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు పాల్గొన్నారు. వాళ్లలో 35 శాతం తరచుగా గానీ ఎప్పుడూ గానీ ఒంటరితనం అనుభవిస్తున్నామన్నారు. మరో 39 శాతం అప్పుడప్పుడు అన్నారు. స్నేహాలు కలుపుకోవడం, నిలుపుకోవడం కష్టంగా ఉందన్నవాళ్లు 32 శాతం. తమకు మానసిక సమస్య ఉందని చెప్పినవాళ్లు 27.8 శాతం, ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్నవాళ్లు 16.2 శాతం. ఇష్టపడి జవాబిచ్చినవాళ్ల లెక్కలు కాబట్టి వీటిని దేశం మొత్తానికి అలాగే వర్తింపజేయలేం. అయినా స్నేహాలు ఎక్కువై చదువు పాడవుతోందన్న మొదటి పక్షం చిత్రానికి ఇవి ఎదురు నిలుస్తాయి. వైద్య విద్యార్థుల్లో చాలామందికి ఉన్న కొరత స్నేహమే.

ఈ పక్షానికీ ఒక బలహీనత ఉంది. తోడు అనగానే అది మంచిదే అనుకుంటుంది. హాస్టళ్లలో గుంపులు కులాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి, ఇంగ్లిషు పలికే తీరును బట్టి, ఖర్చుపెట్టే స్తోమతను బట్టి కూడా ఏర్పడతాయి. లోపల ఉన్నవాళ్లకు ఆసరా అయినది బయట మిగిలినవాళ్లకు గోడ అవుతుంది.

మూడో పక్షం: తోడును సంస్థే ఏర్పాటు చేయాలి

ర్యాగింగ్ వ్యతిరేక నిబంధనలతో పాటు బలపడిన పక్షం ఇది. విద్యార్థులు వాళ్లంతట వాళ్లే గుంపులు కట్టుకోవడం కంటే కళాశాలే మెంటర్లను, చిన్న అభ్యాస బృందాలను, సలహాదారులను ఇవ్వడం మేలంటుంది. ఫౌండేషన్ కోర్సు, మెంటర్ పద్ధతి ఈ ఆలోచన నుంచి వచ్చినవే. ర్యాగింగ్ ఫిర్యాదుకు 1800-180-5522, మానసిక సహాయానికి 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 14416 నంబర్లు కూడా ఈ ఏర్పాటులో భాగమే.

ఇందులోని న్యాయం స్పష్టం: ఎవరూ బయట మిగిలిపోరు. లోపం అమలులో ఉంది. అధ్యాపకుల కొరత ఉన్నచోట మెంటర్ అంటే సంతకం పెట్టే మనిషిగా మిగిలిపోవచ్చు. పైగా మార్కులు వేసే చెయ్యి ముందు మనసు విప్పడం పద్దెనిమిదేళ్ల అమ్మాయికి అంత తేలిక కాదు.

అమెరికా అనుభవం ఏం చెబుతుంది

ఇదే ప్రశ్నను ఎక్కువగా కొలిచి చూసిన దేశం అమెరికా. అక్కడి తెలుగు కుటుంబాల అమ్మాయిలకు ఇది నేరుగా ఎదురవుతుంది. అక్కడ ఇంటర్ తర్వాత నేరుగా మెడిసిన్ ఉండదు. నాలుగేళ్ల డిగ్రీలో బయాలజీ, కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ కోర్సులు పూర్తిచేసి, ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి దరఖాస్తు చేసుకోవాలి. దీనినే ప్రీమెడ్ అంటారు. అదే కాలంలో చాలా క్యాంపస్‌లలో సొరోరిటీలనే అమ్మాయిల సంఘాలు కొత్తవాళ్లను పిలుస్తాయి. వారం వారం సమావేశాలు, చందాలు, సేవా కార్యక్రమాలు, విందులు ఉంటాయి. 1998లో హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, ఆస్టిన్‌లో కప్పా ఫై గామా దక్షిణాసియా అమ్మాయిల చొరవతో పుట్టాయి. 1890లోనే మిషిగన్ విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థినులు ఆల్ఫా ఎప్సిలాన్ అయోటా అనే సంఘం పెట్టుకున్నారు.

అక్కడి పరిశోధనలు నాలుగు సంగతులు చెబుతున్నాయి.

మొదటిది కాలం గురించి. ఎర్నెస్ట్ పాస్కరెల్లా బృందం 1996లో మొదటి ఏడాదిలో సంఘాల్లో చేరినవాళ్ల అభ్యాసం కొంత వెనకబడిందని గమనించింది. ఆ నష్టం అబ్బాయిల్లో ఎక్కువ, అమ్మాయిల్లో తక్కువ. 2001లో అదే బృందం తర్వాతి ఏళ్లను చూసినప్పుడు నష్టం చాలావరకు తగ్గింది.

రెండోది మార్కుల గురించి. విలియం ఈవెన్, ఆస్టిన్ స్మిత్ అనే ఆర్థికవేత్తలు ఒక విశ్వవిద్యాలయంలో కనీస గ్రేడు నియమానికి అటూ ఇటూ ఉన్న విద్యార్థులను పోల్చారు. సంఘంలో చేరడం వల్ల గ్రేడ్లు కొంత తగ్గాయనీ, తర్వాతి సంపాదన పెరిగిన దాఖలా లేదనీ తేల్చారు.

మూడోది రూమ్‌మేట్ గురించి. డార్ట్‌మత్‌లో గదులను లాటరీ తీరుగా కేటాయించినప్పుడు రూమ్‌మేట్ ప్రభావం గ్రేడ్ల మీద, సంఘంలో చేరాలా వద్దా అన్న నిర్ణయం మీద పడిందని బ్రూస్ సాసర్‌డోట్ 2001లో చూపించాడు.

నాలుగోది కలిసి చదవడం గురించి. తరగతి బయట చిన్న బృందాలుగా చదివేవాళ్లు మెరుగ్గా నెగ్గుకొస్తారని హార్వర్డ్ ఆచార్యుడు రిచర్డ్ లైట్ తన ఇంటర్వ్యూల ఆధారంగా వాదించాడు.

ఈ ఫలితాలను మన హాస్టళ్లకు అలాగే అతికించడం సరికాదు. అక్కడ మెడికల్ స్కూలు దరఖాస్తులో సేవ, నాయకత్వం లాంటి కార్యకలాపాలు పదిహేను దాకా చూపించుకోవచ్చు, కాబట్టి సంఘ జీవితానికి కొంత ప్రతిఫలం ఉంది. మన ఫస్ట్ ఎంబీబీఎస్‌లో అలాంటిది లేదు. అక్కడ సంఘం ఎంపిక, ఇక్కడ హాస్టల్ అవసరం. అయినా కాలం ముఖ్యమన్న సంగతి రెండుచోట్లా వర్తిస్తుంది. కొన్ని అమెరికన్ విశ్వవిద్యాలయాలు సంఘాల చేరికలను మొదటి సెమిస్టరు ముగిశాకే అనుమతిస్తున్నది అందుకే.

మూడు పక్షాలు పక్కపక్కన

ముందు చదువు అనేవాళ్లు భయపడేది కోల్పోయిన గంటలకు. వాళ్ల మందు ఆంక్ష. అది హాజరును నిలబెడుతుంది, ఒంటరితనాన్ని పట్టించుకోదు, ఆచరణలో అమ్మాయిల మీదే ఎక్కువ బరువు వేస్తుంది.

తోడు ఉంటేనే చదువు అనేవాళ్లు భయపడేది ఒంటరితనానికి. వాళ్ల మందు స్వేచ్ఛగా కుదిరే స్నేహం. అది మనసును, జ్ఞాపకాన్ని నిలబెడుతుంది, గుంపు బలవంతాన్నీ బయట మిగిలినవాళ్లనూ తక్కువగా చూస్తుంది.

సంస్థే ఏర్పాటు చేయాలి అనేవాళ్లు భయపడేది అన్యాయానికి. వాళ్ల మందు నియమం, మెంటర్. అది అందరినీ కలుపుకుంటుంది, కానీ మనుషులు లేనిచోట కాగితంగా మిగులుతుంది.

ఇంకా తేలనివి

కొన్ని ప్రశ్నలకు మూడు పక్షాల దగ్గరా పూర్తి జవాబు లేదు. కొత్తవాళ్లను వేరే బ్లాకులో ఉంచుతూనే సీనియర్ల అనుభవాన్ని వాళ్లకు అందించే భద్రమైన దారి ఏది? సాయంత్రం వేళ అధ్యాపకుల సమక్షంలో లైబ్రరీలో కలుసుకునే ఏర్పాటు ఒక మార్గం కావచ్చు, కానీ దానికి సాయంత్రం ఉండే అధ్యాపకులు కావాలి. సీనియర్లే లేని కొత్త కళాశాలల్లో మొదటి బ్యాచ్‌లు ఆ లోటును దేనితో పూడ్చుకున్నాయి? నంద్యాల, మచిలీపట్నం, ఏలూరు, రాజమహేంద్రవరం, విజయనగరం కళాశాలల 2023 బ్యాచ్‌ల అనుభవాన్ని ఇప్పుడే నమోదు చేసుకోవాలి. ఆ పిల్లలు పట్టా పుచ్చుకుని వెళ్లిపోతే ఆ పాఠం వాళ్లతోనే పోతుంది.

మహిళా కళాశాలలో చెలిమి స్వభావం వేరుగా ఉంటుందా? పద్మావతి కళాశాలను సహవిద్యా కళాశాలలతో ఈ కోణంలో పోల్చి చూడదగింది. ఫోన్ తెచ్చిన మార్పు ఇంకో ప్రశ్న. వాట్సాప్‌లో నోట్సు క్షణంలో అందుతుంది, బ్యాచ్ గ్రూపు రాత్రంతా మోగుతుంది. అది తోడా, మరో భారమా అన్నది వాడుకను బట్టి మారుతుంది.

తూకం ఎటు

ఇంత చర్చ తర్వాత ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పవచ్చు. చదువుకూ చెలిమికీ మధ్య ఉన్నట్టు కనిపించే పోటీ నిజానికి చెలిమికీ బలవంతానికీ మధ్య ఉంది. పోనంటే ఒప్పుకునే స్నేహం మొదటి ఏడాదిలోనూ చదువును మోస్తుంది. పోనంటే ముఖం తిప్పుకునే గుంపు అయిదో ఏడాదిలోనూ చదువును తింటుంది. కాబట్టి కొత్తగా చేరిన అమ్మాయి తన గుంపును తూచుకోవడానికి ఒకే ప్రశ్న చాలు: రేపు ఇంటర్నల్స్ ఉన్నాయి, ఇవాళ రాను అంటే వీళ్లు ఏమంటారు?

రెండో సంగతి కాలం. హాజరు అలవాటు, భాష మీద పట్టు, రోజును పంచుకునే తీరు కుదిరేది మొదటి కొద్ది నెలల్లోనే. అప్పటిదాకా ఇద్దరు ముగ్గురు చదువు నేస్తాలు, ఒక ఆట, ఇంటికి ఒక ఫోన్ చాలు. ఫెస్టు కమిటీలు, డాన్సు బృందాలు మొదటి ఇంటర్నల్స్ అయ్యాక కూడా ఉంటాయి, ఎక్కడికీ పోవు. అమెరికా పరిశోధనలూ మన పరీక్షల తీరూ ఒకే మాట చెబుతున్న చోటు ఇది.

మూడోది బాధ్యత ఎవరిదన్నది. ఇంట్లో డాక్టరు లేని, తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పల్లె పిల్లకు సరైన తోడు దొరకడం అదృష్టం మీద ఆధారపడకూడదు. రాత్రి తెరిచి ఉండే చదువు గది, అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఒకే నియమం, మార్కులతో సంబంధం లేని సలహాదారు, కొత్త బ్యాచ్‌కు పాత బ్యాచ్ రాసిచ్చే మార్గదర్శిని, ఇవి పెద్ద ఖర్చుతో కూడుకున్నవి కావు. నంద్యాల లాంటి కొత్త కళాశాలలకు పాత అలవాట్ల బరువు లేదు. మంచి సంప్రదాయాన్ని మొదటి రోజు నుంచే నిలబెట్టుకునే వీలు వాటికే ఎక్కువ. కొలిమిగుండ్ల నుంచి పెట్టె సర్దుకుని వెళ్లే అమ్మాయికి ఇంట్లో చెప్పే రెండు మాటలూ అక్కడ ఒకదానికొకటి అడ్డురాకుండా చూడడం ఆ కళాశాలల కర్తవ్యం. దానిని నెరవేర్చమని అడిగే హక్కు తల్లిదండ్రులకూ విద్యార్థినులకూ ఉంది.